మోకాళ్ళ నొప్పికి 95 శాతం కర్కుమిన్ మాత్రలా, వంటింటి పసుపా?

శ్రావణి_హనుమకొండ:
మా అమ్మకి 62 ఏళ్ళు. మోకాళ్ళు అరిగాయని డాక్టర్ చెప్పారు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు ఒక డబ్బా పంపాడు. దాని మీద "పసుపు సారం 500 మి.గ్రా., కర్కుమినాయిడ్లు 95 శాతం, పైపరిన్ 5 మి.గ్రా., రోజుకి రెండు" అని రాసి ఉంది. (కర్కుమినాయిడ్లంటే పసుపుకి రంగిచ్చే పదార్థాలట, వాటిల్లో ముఖ్యమైనది కర్కుమిన్. పైపరిన్ మిరియాల్లోంచి తీసేది.) మా పెద్దమామయ్యకి ఆయుర్వేదం మీద బాగా పట్టుంది. "పసుపులోంచి ఒక్క ముక్క పీకి డబ్బాలో పెడితే అది మందు కాదు, రసాయనం. పాలల్లో పసుపు వేసుకుని తాగమను" అంటారు. ఇద్దరి మధ్యా అమ్మకి టెన్షన్. ఇంకో విషయం, అమ్మ గుండెకి స్టెంట్ వేశారు, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడుతోంది. ఎవరి మాట వినాలి?

ఆర్మూరు_పసుపు:
అక్కా, మీ మామయ్య చెప్పిందే కరెక్ట్. మేము తవ్వి, ఉడకబెట్టి, కళ్ళంలో ఎండబోసి, డ్రమ్ముల్లో పాలిష్ పట్టి నిజామాబాద్ మార్కెట్‌కి తెస్తాం. సారం తీసే కంపెనీల వాళ్ళు వచ్చి కొమ్ము విరిచి చూస్తారు, "కర్కుమిన్ ఎంత?" అంటారు. మేఘాలయ లకడాంగ్ పసుపులో 7 శాతం పైనే ఉంటుందట, మా రకంలో అంత రాదు. అంతే, రేటు కోసేస్తారు. అదే సరుకు తిరిగి డాలర్లలో డబ్బాకెక్కి మన ఇంటికే వస్తోంది. చెరకు నమిలినదీ చక్కెర బుక్కినదీ ఒకటేనా?

ద్రావకం_రమణ:
సారం తీసే ఎక్స్‌ట్రాక్షన్ ప్లాంట్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. "రసాయనం" అని భయపెట్టే ముందు అక్కడ జరిగేదేంటో చూడండి. ఎండు పసుపులో కర్కుమినాయిడ్లు మామూలుగా 2 నుంచి 5 శాతం. అవి నీళ్ళలో దాదాపు కరగవు. అందుకే పొడిని అసిటోన్‌లోనో ఇథైల్ అసిటేట్‌లోనో ఆల్కహాల్‌లోనో నానబెట్టి, వడగట్టి, ద్రావకాన్ని ఆవిరి చేసి వెనక్కి పట్టుకుంటాం. అడుగున నల్లటి నారింజ రంగులో తేనెకన్నా చిక్కటి జిగురు మిగులుతుంది. అదే ఓలియోరెసిన్. పసుపు వాసనంతా దాన్లోనే ఉంటుంది. దాన్ని మళ్ళీ ద్రావకంలో కలిపి చల్లబరిస్తే స్ఫటికాలు దిగుతాయి, నూనె పైన పోతుంది. ఆ స్ఫటికాల పొడే 95 శాతం సరుకు. చేతికి అంటితే రెండు రోజులు వదలదు గానీ వాసన మాత్రం దాదాపు ఉండదు.

ద్రావకం మిగిలిపోతుందని అనుమానమా? ఆహార రంగుగా వాడే కర్కుమిన్‌కి యూరప్ నిబంధన ప్రకారం అసిటోన్, ఇథైల్ అసిటేట్, ఆల్కహాల్ లాంటివన్నీ కలిపి కిలోకి 50 మి.గ్రా. దాటకూడదు. మంచి కంపెనీ ప్రతి బ్యాచ్‌కీ రిపోర్ట్ ఇస్తుంది. అడగండి, ఇవ్వకపోతే కొనకండి.

వైద్య_మాధవి:
రమణగారూ, పైన పోయిందన్న ఆ నూనె సంగతేంటి? ఆర్ టర్మెరోన్ లాంటి వాసన పదార్థాలు అందులోనే ఉంటాయి, వాటికీ గుణం ఉంది. మా ఆయుర్వేద శాస్త్రంలో హరిద్రాఖండం అనే మందు చూడండి. పసుపుతో పాటు నెయ్యి, పాలు, త్రికటు (శొంఠి, పిప్పలి, మిరియం) ఉంటాయి. కొవ్వులో కరిగేదాన్ని కొవ్వుతోనే ఇచ్చారు, మిరియం అప్పటికే జత చేశారు. ఇప్పుడు కంపెనీలు పైపరిన్ కలిపి కొత్తగా కనిపెట్టినట్టు పేటెంట్లు రాసుకుంటున్నాయి.

ద్రావకం_రమణ:
ఒప్పుకుంటా. కానీ స్వరసం, కల్కం, క్వాథం, హిమం, ఫాంటం అని పంచవిధ కషాయాలు చెప్పింది మీ శాస్త్రమే కదండీ. నీళ్ళలో మరిగించి నాలుగో వంతుకి దించే క్వాథమూ ఎక్స్‌ట్రాక్షనే. అరిష్టంలో పులిసి పుట్టిన ఆల్కహాల్ చేసేదీ అదే పని. మీరు నీళ్ళతో, నెయ్యితో తీశారు, మేం అసిటోన్‌తో తీశాం.

వైద్య_మాధవి:
క్వాథంలో నీళ్ళలో కరిగేవన్నీ కలిసి దిగుతాయి. మీరు ఒక్కదాన్ని ఏరుతున్నారు. తేడా అక్కడే ఉంది.

ఫార్మకాలజీ_పీజీ:
ఏరడం వల్లే బతికిన ప్రాణాలున్నాయండీ. చైనాలో తు యూయూ బృందం మలేరియాకి మాచిపత్రి జాతి మొక్కని వేడితో తీస్తే ఫలితం నిలకడగా రాలేదు. తక్కువ వేడిలో ఈథర్‌తో తీశాక, 1971లో పనిచేసింది. అదే ఆర్టెమిసినిన్, 2015 నోబెల్ దానికే. ఈ రోజుకీ ఆ ఆకు టీ తాగి మలేరియా తగ్గించుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పదు. ఏ కప్పులో ఎంత మందు ఉందో తెలియదు కాబట్టి.

అయితే పసుపు కథ అంత శుభ్రంగా లేదు. కర్కుమిన్ మొండి పదార్థం. పేగుల్లోంచి రక్తంలోకి సరిగా పోదు, పోయిన కాస్తనీ లివర్ వెంటనే మార్చి పంపేస్తుంది. క్షారంలో నిలవనే నిలవదు. పారాణికి పసుపులో సున్నం కలపగానే ఎర్రబడటం మనందరికీ తెలుసు, అక్కడ మారుతున్నది కర్కుమినే. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు 2 గ్రాముల కర్కుమిన్ ఒక్కటే ఇస్తే రక్తంలో దాదాపు కనిపించలేదు. 20 మి.గ్రా. పైపరిన్ కలిపితే 2000 శాతం పెరిగిందన్నారు. అడ్వర్టైజ్‌మెంట్లలో మీరు చూసే అంకె అదే. పిడికెడు మందితో చేసిన పరీక్ష అని మాత్రం అక్కడ రాయరు.

మోకాళ్ళ విషయానికొస్తే 2014లో థాయ్‌లాండ్‌లో 367 మంది మీద ఒక ట్రయల్ జరిగింది. రోజుకి 1500 మి.గ్రా. పసుపు సారం, 1200 మి.గ్రా. ఇబుప్రోఫెన్‌తో పోల్చితే నొప్పి విషయంలో తీసిపోలేదు. కడుపునొప్పి తక్కువ. కానీ చూసింది నాలుగు వారాలే. కాబట్టి "అంతా మోసం" అనీ అనలేం, "మోకాలు మళ్ళీ పుడుతుంది" అనీ అనలేం.

ఆర్మూరు_పసుపు:
మరి కూరలో పసుపు చాలదా? సూటిగా చెప్పండి సార్.

ఫార్మకాలజీ_పీజీ:
నొప్పికి చాలదు. లెక్క వేసుకోండి. రోజుకి 3 గ్రాముల పసుపు, 3 శాతం కర్కుమిన్ అనుకుంటే 90 మి.గ్రా. ఆ డబ్బాలో ఒక్క మాత్రలో 475. అంటే సుమారు 16 గ్రాముల పసుపు ఒక గుక్కలో, రెండు మాత్రలకి 32. మన తాతముత్తాతలెవరూ రోజూ అంత తినలేదు. అందుకే "వేల ఏళ్ళుగా వాడుతున్నాం, ఏం కాదు" అనే మాట కూరకి చెల్లుతుంది, క్యాప్సూల్‌కి చెల్లదు. ఆహారంలో కలిపే కర్కుమిన్‌కి అంతర్జాతీయ నిపుణుల కమిటీ పెట్టిన పరిమితి రోజుకి కిలో బరువుకి 3 మి.గ్రా. 60 కిలోల మనిషికి 180.

ఇటలీలో 2019లో పసుపు సప్లిమెంట్లు వాడినవాళ్ళలో లివర్ దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి. అమెరికాలో 2004 నుంచి 2022 దాకా పోగుచేసిన 10 కేసుల్లో ఒకరు చనిపోయారు. ఆ పదిమందిలో 7 మందికి ఒకే రకం జన్యువు ఉంది. అందరికీ వచ్చేది కాదు, కానీ ఎవరికొస్తుందో డబ్బా మీద రాసి ఉండదు.

శ్రావణిగారూ, మీ అమ్మగారి విషయంలో అసలు ప్రశ్న పసుపా సారమా అన్నది కాదు, క్లోపిడోగ్రెల్. ల్యాబ్‌లో కర్కుమిన్ కూడా ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా ఆపుతుంది. రెండూ కలిస్తే రక్తస్రావం భయం. పైపరిన్ అయితే ఇతర మందుల్ని లివర్ మార్చే పద్ధతినే అడ్డుకుంటుంది. మూర్ఛకి వాడే ఫెనిటోయిన్ దానివల్ల రక్తంలో పెరుగుతుందని పరీక్షల్లో తేలింది. కార్డియాలజిస్ట్‌కి డబ్బా ఫొటో చూపించకుండా ఒక్కటి కూడా వేయొద్దు.

వైద్య_మాధవి:
ఈ ఒక్క విషయంలో నేనూ అదే చెప్తా. స్టెంట్ ఉందంటే నేనైనా ఏ పసుపు యోగమూ మోతాదు పెంచి ఇవ్వను. కానీ మోకాలికి ఏమీ లేదని వదిలేయొద్దు. పైపైన నూనె మర్దన, బరువు తగ్గడం, తొడ కండరాలకి వ్యాయామం చూసుకోండి.

శ్రావణి_హనుమకొండ:
తమ్ముడికి ఫోన్ చేశాను. "సహజమైనదే కదక్కా, దీనికి డాక్టర్ ఎందుకు?" అంటున్నాడు. కార్డియాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా. అప్పటిదాకా డబ్బా నా బీరువాలో ఉంటుంది. మామయ్యకి మాత్రం ఇంకా చెప్పలేదు, చెప్తే గెలిచానంటారు.

ద్రావకం_రమణ:
డబ్బా తెరిచి ఒక మాత్ర వాసన చూడండి. పసుపు వాసన లేకపోతే నేను చెప్పిన స్ఫటికమే. పసుపు వాసన ఉంటే నూనె కలిపిన రకం, అది కొంచెం ఖరీదు. @ఆర్మూరు_పసుపు, మీ కొమ్ముల కర్కుమిన్ కంపెనీవాడి నోటిమాట మీద ఒప్పుకోకండి. పొడిని ఆల్కహాల్‌లో కరిగించి 425 నానోమీటర్ల దగ్గర కాంతి ఎంత పీల్చుతుందో చూస్తే చాలు, మామూలు ల్యాబ్‌లో కూడా అయిపోతుంది. రిపోర్ట్ చేతిలో పెట్టుకుని బేరం చేయండి.

ఆర్మూరు_పసుపు:
ఇదేదో పనికొచ్చే ముచ్చట. ఒక్క రైతు పోతే ఖర్చు దండగ, ఊర్లో నలుగురం కలిసి శాంపిల్ ఇస్తాం. ఎంత తియ్యాలి, కొమ్ములే ఇవ్వాలా, పొడి కొట్టించి ఇవ్వాలా?