అక్టోబర్ సినిమా సాయంత్రం: విశాఖ మేడ మీద ట్రయల్ వేశాను, సంగతులు ఇవీ

నేను (సినిమా ఎంపిక, ప్రస్తుతం విశాఖలో)

అందరికీ నమస్కారం. ఇక్కడ పొద్దున్న ఆరు, మీకు అమెరికాలో రాత్రి ఎనిమిదిన్నర అయ్యుంటుంది. పడుకునే ముందు చదివేయొచ్చు, భయపెట్టేదేమీ రాయలేదు.

అక్టోబర్ ఆఖరి శనివారం మన సంఘం వేసే సినిమా గురించి. పోయిన మీటింగులో దయ్యం సినిమా కావాలన్నవాళ్ళు సగం, థ్రిల్లర్ అన్నవాళ్ళు సగం, "ఏదోటి వెయ్యండి గానీ భోజనం ఎన్నింటికి?" అన్నవాళ్ళు ఇంకో సగం. సెలవు మీద వచ్చాను కదా అని ఎంవీపీ కాలనీలో మా మేడ మీద మూడు రాత్రులు ఇంట్లోవాళ్ళకి వేసి చూశాను. ప్రొజెక్టరు అద్దెది, తెర అమ్మ దుప్పటి. తొమ్మిదో తరగతి మేనకోడలు దగ్గర్నుంచి డెబ్బై దాటిన పెద్దమ్మ దాకా పద్నాలుగు మంది. మన హాలుకి వచ్చే జనం కూడా ఇంచుమించు ఇలాగే ఉంటారు.

మొదటి రాత్రి రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' (1992). రేవతి నటన, మణిశర్మ నేపథ్య సంగీతం, నాకు చిన్నప్పుడు నిద్ర పట్టనివ్వని సినిమా. సముద్రపు గాలికి దుప్పటి ఊగుతుంటే పిల్లలు పడీ పడీ నవ్వారు. "దయ్యం కన్నా దుప్పటే ఎక్కువ ఊగతందిరా" అంది పెద్దమ్మ. ఆ సినిమా బలమంతా నిశ్శబ్దంలోనూ, కెమెరా మెల్లగా పాకడంలోనూ ఉంది. చీకటి హాలు, మంచి స్పీకర్లు లేకపోతే తేలిపోతుంది. మన కమ్యూనిటీ హాల్లో తలుపు మీద దీపం ఆర్పనివ్వరు, వెనకాల పిల్లలు పరుగులు. కాబట్టి అది వద్దు.

రెండో రాత్రి 'కౌన్' (1999). అదీ వర్మదే. ఒక ఇల్లు, బయట వాన, లోపల ఊర్మిళ, తలుపు దగ్గర మనోజ్ బాజ్‌పాయ్, తర్వాత సుశాంత్ సింగ్. అంతే మనుషులు. పాటలు లేవు, దయ్యం లేదు. ఇరవై నిమిషాలు దాటాక దుప్పటి ఊగుతున్నా ఎవరూ నవ్వలేదు. తలుపు తియ్యాలా వద్దా అన్న ఒక్క ప్రశ్న మీద అంతసేపు నడపడం చిన్న విషయం కాదు. మా బావ మధ్యలో కిందికెళ్ళి గేటు గడియ చూసొచ్చాడు, మంచినీళ్ళకి వెళ్ళానని చెప్పాడు. అయితే హిందీ. చివర్లో రక్తం కూడా ఉంది.

మూడో రాత్రి చంద్రశేఖర్ యేలేటి 'అనుకోకుండా ఒక రోజు' (2005). నా ఓటు దీనికే. ఛార్మి పాత్ర నిద్ర లేచేసరికి మధ్యలో ఒక రోజు మాయమైపోయి ఉంటుంది. ఆ రోజు తనేం చేసిందో తనకే తెలీదు, ఎవరో మాత్రం వెంటపడుతుంటారు. ఇంతకంటే చెప్పను. సినిమా అయ్యాక పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి మొన్న మంగళవారం నానేటి సేసాను?" అంది. అందరం కూర్చుని ఆవిడ మంగళవారం లెక్క కట్టాం: పొద్దున్న రైతుబజారు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఎవరికీ గుర్తు లేదు. ఆ రెండు గంటల గురించి ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది. మనసుని పట్టే భయం అంటే నేను అనుకునేది ఇదే. ఇంటికెళ్ళాక మొదలవుతుంది.

వంటల వదిన

తెలుగే కాబట్టి నాకు సరే. ఇంటర్వెల్ ఉంటుంది కదా? పునుగులు, మురీ మిక్చర్ అప్పుడు పెడతాను. బీచ్ రోడ్డు రుచి రాకపోయినా ఉల్లిపాయ, నిమ్మకాయ దండిగా వేద్దాం. కౌన్ అయితే ఇంటర్వెల్‌కి లేచి ఎవరూ తినరు.

హాలు చూసే అన్న

అనుమతి సంగతి మర్చిపోతున్నారు. ఓటీటీ ఖాతా ఇంట్లో చూసుకోడానికే. టికెట్ పెట్టకపోయినా సరే, హాల్లో పదిమందికి వెయ్యాలంటే హక్కులున్నవాళ్ళ దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. డీవీడీ కొన్నా అంతే. ఈ ఉత్తరం ఎవరు రాస్తారు?

నేను

నేనే రాస్తానన్నా. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళున్న కాపీ కూడా అడుగుతాను, మన పిల్లల్లో సగం మందికి తెలుగు వినడమే గానీ ఆ వేగంలో అందుకోలేరు.

ఇంకోటి. 1960లో హిచ్‌కాక్ 'సైకో' విడుదలైనప్పుడు ఆట మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని థియేటర్లకి షరతు పెట్టాడు. మనమూ పెడదాం. కరపత్రంలో అయిదు అని వేసి అయిదున్నరకి మొదలుపెట్టాలి. మనవాళ్ళ సంగతి మనకి తెలీదా!

పిల్లల గది అక్క

పదమూడేళ్ళ లోపు వాళ్ళని నేను పక్కగదిలో పెట్టుకుంటాను. ఒక మాట మాత్రం అడుగుతాను, చిన్నబుచ్చుకోవద్దు. నేను నర్సుని. ఈ రకం సినిమాల్లో మనసు బాగోలేనివాడే హంతకుడు, ఎప్పుడూ అంతే. స్కిజోఫ్రీనియా అంటే రెండు మనుషులుగా మారడం అనుకునేవాళ్ళు మనలో చాలామంది. అది వేరే జబ్బు, ఇది వేరే జబ్బు. స్టేజి మీద మైకు పట్టుకున్నవాళ్ళు "వీణ్ణి చినవాల్తేరు పంపాలి" అనే జోకు (విశాఖలో మానసిక ఆసుపత్రి ఉన్నది అక్కడే) మాత్రం వెయ్యొద్దు. హాల్లో కూర్చున్నవాళ్ళ ఇంట్లో ఎవరికి వైద్యం జరుగుతోందో మనకి తెలీదు.

నేను

అక్కా, ఆ జోకు మా ఇంట్లోనే మొన్న రాత్రి పడింది, వేసింది నేనే. విశాఖలో పుట్టినవాళ్ళకి నోట్లో ఉంటుంది, అక్కడున్నది ఆసుపత్రి అని గుర్తు రాదు. మైకు దగ్గర ఉండదు, నాదీ పూచీ.

మీ మాటకి సరిపడే సినిమా ఒకటుంది. ఇంట్లో చూసుకోడానికి అందరికీ ఇచ్చే సినిమాల చీటీలో మొదట అదే రాస్తున్నాను: మలయాళం 'మణిచిత్రతాళు' (1993). శోభనకి ఉత్తమ నటిగా జాతీయ అవార్డు తెచ్చింది. మనకి తెలిసిన 'చంద్రముఖి' (2005) దాని కూతురే. అంతకుముందు కన్నడంలో 'ఆప్తమిత్ర', తర్వాత హిందీలో 'భూల్ భులయ్యా'. మూలం చూస్తే హడావిడి తక్కువ, మనసు బాగోలేని ఆ అమ్మాయి మీద జాలి ఎక్కువ. వైద్యం మాత్రం సినిమా వైద్యమే.

మిగతా చీటీ: ఒంటరిగా చూడగలిగేవాళ్ళకి 'ది బాబడూక్' (2014). అది రాక్షసుడి కథలా మొదలై, భర్త పోయిన తల్లి దుఃఖంలోకి వెళ్తుంది. కొత్తగా పిల్లలు పుట్టినవాళ్ళు కొంతకాలం ఆగితే మంచిది. పరదేశంలో ఉండేవాళ్ళకి 'గెట్ అవుట్' (2017), తెల్లవాళ్ళ ఇంటికి విందుకి వెళ్ళి నవ్వుతూ కూర్చున్న అనుభవం ఉంటే ఇంకా తగులుతుంది. నలుపు తెలుపులో మమ్ముట్టి 'భ్రమయుగం' (2024), ఫోనులో చూస్తే పాపం. తెలుగులో 'మసూద' (2022), 'ఎవరు' (2019). రెండోది స్పానిష్ సినిమాకి రీమేక్, ముందుగా ముడి విప్పేసేవాళ్ళ పక్కన కూర్చోకండి. 'తుంబాడ్' గురించి మీటింగులో అందరూ చెప్పారు, మళ్ళీ చెప్పను.

సౌండ్ తమ్ముడు

అన్నా, మన ఊరి సినిమా ఏదీ లేదా లిస్టులో?

నేను

సినిమా కాదు గానీ 'దూత' (2023) ఉంది కదరా. విక్రమ్ కుమార్ తీసిన సిరీస్, కథ మన విశాఖలోనే, ఎడతెగని వాన. జరగబోయేది పేపర్ ముక్కల్లో ముందే కనిపిస్తుంటుంది. ఆయనే '13బి' (2009) కూడా తీశాడు: టీవీ సీరియల్లో జరిగేదంతా ఇంట్లో జరుగుతుంది. సీరియళ్ళు వదలని అత్తగార్లున్న ఇళ్ళకి అది రాస్తున్నాను.

స్పీకర్లు నీ బాధ్యత. కిందటేడు దీపావళికి తెచ్చినవి వద్దు, మాటలు గరగరమన్నాయి. అన్న హాలు ఖాయం చెయ్యగానే నేను హక్కులవాళ్ళకి రాస్తాను. వాళ్ళు ఒప్పుకోకపోతే మళ్ళీ ఇక్కడే కూర్చుందాం.

ఉంటాను. పెద్దమ్మ కిందనుంచి కేకేస్తోంది, దూత మూడో భాగం పెట్టమని. పొద్దున్నే పేపరు చదవడం మాత్రం మానేసింది.