ఒకే సర్వర్‌కు ఐదు ఐపీలు: వెబ్‌సైట్లు సరే, మెయిల్ మాత్రం మొదటి చిరునామా నుంచే వెళుతోంది

గోదావరి గట్టు (సోమవారం, రాత్రి 9:50)

రాజమహేంద్రవరంలో ఇద్దరం కలిసి వెబ్‌సైట్ల పని చేస్తున్నాం. సర్వర్లు హైదరాబాద్‌లోని ఒక డేటా సెంటర్‌లో అద్దెకు ఉన్నాయి. ఐపీల (ఇంటర్నెట్ చిరునామాల) బ్లాకు 203.0.113.8/29, అంటే చివర 8 నుంచి 15 దాకా, అనుకోండి (అసలు అంకెలు ఇవి కావు, ఉదాహరణల కోసం కేటాయించి ఉంచిన వరుస). చివర 10 ఉన్నది కొత్త సర్వర్, ఉబుంటు 22.04 (లినక్స్). 13 పాత సర్వర్‌ది. నిన్న రాత్రి పాతదాన్ని ఆపేసి, 11, 12, 13, 14 నాలుగింటినీ కొత్తదానికే ఎక్కించాను. ‘ఐపీ అడ్రస్ యాడ్’ కమాండు నాలుగుసార్లు కొట్టాను, నిమిషంలో అయిపోయింది. ఆ తర్వాత మొదలయ్యాయి కష్టాలు.

11, 12, 14 బయటి నుంచి పలుకుతున్నాయి. 13 పలకడం లేదు. సర్వర్‌లో కూర్చుని పింగ్ చేస్తే మాత్రం బంగారంలా జవాబిస్తోంది.

ఒక ఖాతాదారు తన మెయిల్ 12 నుంచే వెళ్లాలని అడిగారు. వారి ఎస్‌పీఎఫ్ రికార్డులో (వారి పేరున ఏ ఐపీలు మెయిల్ పంపవచ్చో చెప్పేది) 12 మాత్రమే రాశాం. మెయిల్ ఏమో 10 నుంచి బయలుదేరుతోంది, అవతలివాళ్లు స్పామ్‌లో పడేస్తున్నారు.

చిరునామాలు చూపే ‘ఇఫ్‌కాన్ఫిగ్’ కమాండు కొడితే 10 ఒక్కటే కనిపిస్తోంది. మిగతా నాలుగూ ఎక్కడ ఉన్నట్టు?

ఇంకో మాట. ఎనిమిది చిరునామాలకు డబ్బు కడుతున్నాం, వాడుకోగలిగేవి ఐదేనట. ఇది న్యాయమేనా? ఫైర్‌వాల్ పాతదే, దాన్ని ముట్టుకోలేదు.

రాత్రి డ్యూటీ (రాత్రి 10:15)

చివరి ప్రశ్న నుంచి వస్తాను, అది తేలిక. /29లో ఎనిమిది అంకెలు. మొదటిది, అంటే 8, ఆ నెట్‌వర్క్ పేరు. చివరిది, 15, బ్రాడ్‌కాస్ట్, అంటే అందరికీ ఒకేసారి చెప్పే చిరునామా. 9 గేట్‌వే (బయటికి దారి ఇచ్చే రౌటర్) అయి ఉంటుంది. మిగిలినవి 10 నుంచి 14 వరకు ఐదు. మోసం ఏమీ లేదు.

అయితే అడిగి చూడదగ్గ సంగతి ఒకటి ఉంది. కొందరు ప్రొవైడర్లు బ్లాకును అలా తీగ మీద పెట్టకుండా, మొత్తంగా మీ మొదటి ఐపీకి రూట్ చేసి ఇస్తారు. అప్పుడు గేట్‌వే ఆ బ్లాకులో ఉండనవసరం లేదు. ఎనిమిదింటినీ ఒక్కొక్కటి /32గా (ఒంటరి చిరునామాగా) లూప్‌బ్యాక్ (సర్వర్ లోపలి ఊహా కార్డు) మీద పెట్టుకుని వాడుకోవచ్చు. కానీ అందుకు వేరే ఒక ఐపీ ముందే ఉండాలి. మీకు ఆ అమరిక లేనట్టుంది.

ఇఫ్‌కాన్ఫిగ్‌ను నమ్మకండి. లినక్స్‌లో అది పాత కాలపు పనిముట్టు. ఈత్0:1 లాంటి లేబులు (కార్డు పేరు పక్కన అంకె) పెట్టి ఎక్కించిన చిరునామాలనే అదనంగా చూపిస్తుంది. ‘ఐపీ అడ్రస్ షో’ కొట్టండి, ఐదూ కనిపిస్తాయి. నాలుగింటి పక్కన ‘సెకండరీ’ అని ఉంటుంది.

నల్ల తెర (రాత్రి 10:31)

అసలు ఈ రోజుల్లో ఒక సర్వర్‌కు ఐదు ఐపీలు ఎందుకండీ? హెచ్‌టీటీపీ 1.1లో హోస్ట్ హెడర్ (ఏ సైటు కావాలో బ్రౌజర్ చెప్పే వరుస) వచ్చినప్పుడే ఒక ఐపీ మీద వంద సైట్లు పెట్టుకునే వీలు కలిగింది. సర్టిఫికెట్ల గొడవను ఎస్ఎన్ఐ (సర్టిఫికెట్ చూపకముందే సైటు పేరు చెప్పే పద్ధతి) తీర్చేసింది. ఐపీలు పంచే ఆసియా పసిఫిక్ రిజిస్ట్రీ 2011 ఏప్రిల్‌లోనే చివరి బ్లాకుకు చేరి రేషన్ మొదలుపెట్టింది. ఉన్న కాసిన్ని ఐపీవీ4 (మనం వాడే పాత తరహా) చిరునామాలను ఇలా ఖర్చు పెట్టడం నాకు నచ్చదు.

డాలస్ తెలుగు (రాత్రి 11:20)

నల్ల తెర గారూ, వెబ్ వరకు మీతో ఏకీభవిస్తాను. 2003 ప్రాంతంలో నేను ఇక్కడ ఒక హోస్టింగ్ సంస్థలో పనిచేసేవాడిని. సర్టిఫికెట్ కావాలన్న ప్రతి దుకాణానికీ ఒక ఐపీ ఇవ్వాల్సిందే. బ్రౌజర్ ఏ సైటు కోసం వచ్చిందో చెప్పకముందే సర్వర్ సర్టిఫికెట్ చూపించాలి కదా. ఒక్కో యంత్రానికి రెండు వందలకు పైగా చిరునామాలు తగిలించేవాళ్లం. ఎస్ఎన్ఐ ప్రమాణం అప్పటికే కాగితం మీదికి వచ్చింది కానీ, విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అది చివరిదాకా అర్థం కాలేదు. అందుకే ఎక్స్‌పీ జనం చేతుల్లోంచి పోయేదాకా ఆ ఐపీలను వదులుకోలేకపోయాం.

కానీ మెయిల్ కథ వేరు. అక్కడ పరువు ఐపీది. ఒక ఖాతాదారు పాస్‌వర్డ్ దొంగల పాలై రాత్రికి రాత్రి లక్ష స్పామ్ ఉత్తరాలు పోతే, అదే ఐపీ నుంచి పంపే మిగతా అందరూ నల్లజాబితాలో పడతారు. విడి ఐపీ అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

పాత సర్వర్ చిరునామాను కొత్తదానికి తెచ్చుకోవడం కూడా మంచి పనే. డీఎన్ఎస్ (పేరుకు ఐపీ చెప్పే పట్టిక) మార్చి లోకమంతా తెలుసుకునే దాకా కాచుకు కూర్చోనక్కరలేదు. పైగా ఎవరో ఎక్కడో తమ ప్రోగ్రాములో పాత ఐపీని రాసి పెట్టుకునే ఉంటారు.

పాత యూనిక్సు (మంగళవారం, ఉదయం 6:05)

సోలారిస్ (ఒక పాత యూనిక్సు) రోజులు గుర్తొచ్చాయి. హెచ్ఎంఈ0 కార్డుకు హెచ్ఎంఈ0:1, హెచ్ఎంఈ0:2 అంటూ పిల్లల్ని పుట్టించి, ఒక్కొక్కదానికీ ఈటీసీ డైరెక్టరీలో హోస్ట్‌నేమ్ అనే పేరుతో ఒక ఫైలు పెట్టేవాళ్లం. ఫైలు లేకపోతే రీబూట్‌తో చిరునామా గోవిందా. మీరు నిన్న కమాండుతో ఎక్కించినవీ అంతే, రీబూట్ అయితే ఒక్కటీ మిగలదు. ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులు ఉండే నెట్‌ప్లాన్ ఫైలులో రాశారా?

ఇక మీ 13 సంగతి. ఆ చిరునామా మొన్నటిదాకా పాత సర్వర్ కార్డు మీద ఉంది. డేటా సెంటర్ రౌటర్ ‘13 అంటే ఫలానా మ్యాక్ (కార్డు గుర్తింపు సంఖ్య)’ అని తన ఏఆర్‌పీ పట్టికలో (ఏ ఐపీ ఏ కార్డుదో చెప్పేది) రాసుకుని ఉంటుంది. 13 ఇల్లు మారిన సంగతి దానికి ఎవరూ చెప్పలేదు, ఉత్తరాలన్నీ పాత గుమ్మంలోనే పడేస్తోంది. 11, 12, 14 ఇంతకుముందు ఎవరి దగ్గరా లేవు, వాటికి ఈ బాధ లేదు. సిస్కో రౌటర్లలో ఆ జ్ఞాపకం ఎవరూ మార్చకపోతే నాలుగు గంటలు. కొందరు ఇంకా ఎక్కువ పెడతారు, కొందరు మ్యాక్‌ను చేత్తో కట్టేస్తారు.

ఫ్రీబీఎస్‌డీ (మరో యూనిక్సు రకం) అయితే చిరునామా ఎక్కించగానే తనంతట తానే ఊరంతా చాటుతుంది. లినక్స్‌లో ‘ఐపీ’ కమాండు నోరు మెదపదు. మీరే దండోరా వేయాలి. ‘ఆర్పింగ్’ కమాండుకు పెద్ద యూ (-U) ఆప్షన్ ఇచ్చి, కార్డు పేరు, 13 చిరునామా చెప్పండి. మూడు ప్యాకెట్లు చాలు. అంతకన్నా ముందు పెద్ద డీ (-D) ఆప్షన్‌తో ఒకసారి అడగండి. ఆ చిరునామా నాదేనని ఇంకెవరైనా అంటున్నారేమో తెలుస్తుంది. పాత సర్వర్‌ను నిజంగానే ఆపారా, లేక అందులోని వెబ్ సర్వర్‌ను మాత్రమే ఆపారా?

గోదావరి గట్టు (ఉదయం 8:40)

సిగ్గుగా ఉంది. వెబ్ సర్వర్‌ను మాత్రమే ఆపాను. మీరు చెప్పినట్టు డీ ఆప్షన్‌తో అడిగితే పాత పెట్టె ‘నేనున్నాను’ అంది. దాన్ని పూర్తిగా ఆపేసి యూ ఆప్షన్‌తో దండోరా వేశాను. రెండో ప్యాకెట్‌కే 13 బయటి నుంచి పలికింది. ధన్యవాదాలు.

నెట్‌ప్లాన్‌లో రాయలేదు. మెయిల్ ఇంకా అలాగే ఉంది.

మంగళగిరి (ఉదయం 10:10)

నెట్‌ప్లాన్ ముట్టుకునే ముందు నా కథ వినండి. కొన్నేళ్ల క్రితం ఒక ఫ్రీబీఎస్‌డీ సర్వర్‌కు రెండో ఐపీ పెట్టాలి. సమయం రాత్రి రెండు. ‘ఇఫ్‌కాన్ఫిగ్ ఈఎం0’ అని మొదలుపెట్టి కొత్త చిరునామా కొట్టాను, ‘ఏలియాస్’ అన్న ఒక్క మాట మరిచాను. ఆ మాట లేకపోతే అర్థం ‘ఇది కూడా పెట్టు’ అని కాదు, ‘ఉన్నదాన్ని తీసి ఇది పెట్టు’ అని. ఎంటర్ కొట్టాను, తెర బిగుసుకుపోయింది. నేను కూర్చున్న కొమ్మనే నరుక్కున్నాను. డేటా సెంటర్‌కు ఫోన్ చేస్తే కాపలాదారు ఎత్తాడు, ఇంజినీరు ఎనిమిదికి వస్తాడన్నాడు. ఆ ఆరు గంటలు నేను తాగిన టీలకు లెక్క లేదు.

అప్పటి నుంచి ఒక అలవాటు. దూరపు సర్వర్‌లో నెట్‌వర్క్ ముట్టుకునే ముందు, పది నిమిషాల్లో రీబూట్ అయ్యేట్టు ఒక పని పెట్టుకుంటాను. అంతా బాగుంటే దాన్ని రద్దు చేస్తాను, లేకపోతే అదే లేచి పాత సెట్టింగులతో వస్తుంది. ఫైలులో రాయడం మాత్రం అన్నిటికన్నా చివర. మీకు ఉబుంటులో ‘నెట్‌ప్లాన్ ట్రై’ ఉంది, 120 సెకన్లలో మీరు ఎంటర్ కొట్టకపోతే తనే వెనక్కి వెళుతుంది. ‘అప్లై’ కొట్టకండి, ‘ట్రై’ కొట్టండి. ఆ ఫైలులో ట్యాబులు వద్దు, ఖాళీలే, వరుస తప్పకూడదు.

ఫ్రీబీఎస్‌డీ వాడేవాళ్లకు ఇంకొక్కటి. ఆర్‌సీ కాన్ఫ్ సెట్టింగుల ఫైలులో ఏలియాస్0, ఏలియాస్1 అంటూ అంకెలు వరుసగా ఉండాలి. మధ్యలో ఒకటి తీసేస్తే ఆ తర్వాతివి ఏవీ ఎక్కవు. అదే సబ్‌నెట్‌లోని (చిరునామాల బ్లాకులోని) రెండో చిరునామాకు మాస్కు (బ్లాకు ఎంత పెద్దదో చెప్పే అంకె) 255.255.255.255 ఇవ్వాలి.

డాలస్ తెలుగు (మధ్యాహ్నం 12:30)

మెయిల్ గురించి. ఎన్ని ఐపీలు ఉన్నా, ప్రోగ్రాము ప్రత్యేకంగా అడగకపోతే కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) తనకు తెలిసిన ప్రాథమిక చిరునామానే పంపేవారి చిరునామాగా వేస్తుంది. లోపలికి వచ్చిన కనెక్షన్‌కు ఏ చిరునామాకు వస్తే అక్కడి నుంచే జవాబు వెళుతుంది, అందుకే వెబ్ బాగానే ఉంది. మెయిల్ మీరే మొదలుపెట్టే కనెక్షన్, కాబట్టి 10.

మీ మెయిల్ ప్రోగ్రాము పోస్ట్‌ఫిక్స్ అయితే మాస్టర్ ఫైలులో ఎస్ఎంటీపీ (మెయిల్ పంపే) వరుసను నకలు చేసి, వేరే పేరు పెట్టి, దానికి ‘ఎస్ఎంటీపీ బైండ్ అడ్రస్’గా 12 ఇవ్వండి. హెలో పేరు (అవతలి సర్వర్‌కు మనం చెప్పుకునే పేరు) కూడా అక్కడే మార్చండి. ఏ డొమైను ఆ దారిన వెళ్లాలో పంపేవారిని బట్టి ట్రాన్స్‌పోర్ట్ ఎంచుకునే పట్టికలో రాయండి, ఆ వసతి 2.7 వెర్షన్ నుంచి ఉంది. తర్వాత 12కు రివర్స్ డీఎన్ఎస్ (ఐపీకి పేరు చెప్పేది) పెట్టమని ప్రొవైడర్‌ను అడగండి, అది మీ చేతిలో ఉండదు. హెలో పేరు, రివర్స్ పేరు, ఆ పేరుకు ఉన్న ఐపీ మూడూ ఒకే మాట చెప్పాలి. ఇది మరిచి ‘అన్నీ చేశాను అయినా స్పామ్’ అని ఏడ్చేవాళ్లను చాలామందిని చూశాను.

రాత్రి డ్యూటీ (మధ్యాహ్నం 1:05)

‘సెకండరీ’ అన్నాను కదా, అందులో ఒక గుంట ఉంది. ఒకే సబ్‌నెట్, ఒకే మాస్కు ఉన్న చిరునామాల్లో మొదట ఎక్కింది పెద్దన్న, మిగతావి తమ్ముళ్లు. ‘ప్రమోట్ సెకండరీస్’ అనే కెర్నెల్ సెట్టింగు 0గా ఉన్న యంత్రంలో పెద్దన్నను తీసేస్తే తమ్ముళ్లంతా కూడా పోతారు. రేపు ఎప్పుడైనా 10ని వదిలించుకుందామనుకుంటే ముందు అది చూసుకోండి.

సముద్ర తీరం (సాయంత్రం 5:45)

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మాది విశాఖ. మాకు రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ లైన్లు, ఒకే సర్వర్‌కు రెండు కార్డులు. రెండో లైను ఐపీకి వచ్చినవాళ్లకు జవాబు వెళ్లడం లేదు. ఇదీ బైండ్ (ఏ చిరునామా నుంచి పంపాలో చెప్పడం) సమస్యేనా?

పాత యూనిక్సు (సాయంత్రం 6:20)

కాదు. మీ జవాబుకు పంపేవారి చిరునామా సరిగ్గానే ఉంటుంది, కానీ డీఫాల్ట్ రూటు (బయటికి మామూలు దారి) ఒక్కటే కాబట్టి మొదటి లైను గుమ్మంలోంచి బయటికి వెళుతుంది. అక్కడి కంపెనీ ‘ఇది మా చిరునామా కాదు’ అని పారేస్తుంది. రెండో రూటింగ్ పట్టిక ఒకటి తెరిచి, అందులో రెండో గేట్‌వేను డీఫాల్ట్‌గా పెట్టండి. ‘ఈ చిరునామా నుంచి బయలుదేరేవి ఆ పట్టిక చూడాలి’ అని ‘ఐపీ రూల్’తో చెప్పండి. అయినా పలకకపోతే ఆర్‌పీ ఫిల్టర్ (ప్యాకెట్ వచ్చిన దారి సరైనదేనా అని చూసే కెర్నెల్ సెట్టింగు) 1గా ఉందేమో చూసి 2 చేయండి.

నల్ల తెర (సాయంత్రం 7:00)

సరే, మెయిల్ విషయంలో ఒప్పుకుంటున్నాను. అయినా అమెజాన్ క్లౌడ్ 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4కు గంటకు అర సెంటు వసూలు చేస్తోంది. అంటే ఒక్కోదానికి నెలకు మూడున్నర డాలర్ల పైచిలుకు. అక్కడ ఐదు ఐపీలు పెట్టేవాళ్లకు నా వాదన బిల్లు రూపంలో అర్థమవుతుంది. కొత్త తరహా ఐపీవీ6లో అయితే ఒక్క /64 బ్లాకులోనే తరగనన్ని చిరునామాలు. అక్కడ ఎన్ని పెట్టుకున్నా నోరెత్తను.

గోదావరి గట్టు (బుధవారం, రాత్రి 11:30)

మెయిల్ 12 నుంచి వెళుతోంది. రివర్స్ డీఎన్ఎస్‌కు ప్రొవైడర్ ఒక రోజు తీసుకున్నారు. నెట్‌ప్లాన్ ఫైలులో ఐదూ రాసి ‘ట్రై’ కొట్టాను, మొదటిసారి ఒక ఖాళీ తేడాతో తిట్టింది, రెండోసారి ఒప్పుకుంది. ధైర్యం చేసి రీబూట్ కూడా చేశాను. ఐదూ లేచాయి. 14కు ఇంకా పని చెప్పలేదు, ఊరికే ఉంది.

మంగళగిరి (రాత్రి 11:42)

ఊరికే ఉందని ఎలా చెప్పగలరు? ‘ఎస్ఎస్’ కమాండుతో ఏ ప్రోగ్రాములు వింటున్నాయో చూడండి. 0.0.0.0 (అన్ని చిరునామాలూ) అని ఉన్న ప్రతిదీ 14 మీద కూడా వింటున్నట్టే. ఫైర్‌వాల్ ముట్టుకోలేదని మొదట్లో రాశారు. అందులో నియమాలు అన్ని చిరునామాలకా, 10 పేరు మీదేనా?

గోదావరి గట్టు (రాత్రి 11:58)

10 పేరు మీదే. డేటాబేస్‌ను మా భాగస్వామి కోసం ఎప్పుడో 0.0.0.0 చేశాను, 10కి వచ్చే 3306 పోర్టును (డేటాబేస్ తలుపును) మాత్రం అతని ఇంటి ఐపీకి తప్ప అందరికీ మూసి ఉంచాను. ఇప్పుడు ఫోన్ నుంచి 14 మీద ప్రయత్నించాను. తలుపు బార్లా తెరిచి ఉంది. మూసేశాను. ఎవరెవరు వచ్చారో సర్వర్ రాసుకున్న లాగ్ ఫైళ్లు చదువుతున్నాను.