అప్‌డేట్: మా ఫ్రెండ్ బరువు సంగతి (శ్రీకాకుళం)

మావాడు 96 కేజీలకి వచ్చేసాడు, షుగర్ బోర్డర్‌లో ఉంది, వాడి మనసు కష్టపెట్టకుండా ఎలా తగ్గించాలి అని ఆమధ్య అడిగాను కదండీ. జవాబులిచ్చిన అందరికీ చాలా థాంక్స్, ఇప్పుడు 89.

అన్నం పూర్తిగా మాన్పించలేదు. కంచంలో సగం కూరలు, పావు వంతు అన్నం, మిగతా పావు పప్పో గుడ్డో చేపో, అంతే. పొద్దున్న హోటల్ పూరీ బదులు వాళ్ళమ్మగారు చోడి (రాగి) అంబలి కాస్తన్నారు, మజ్జిగ పోసి పల్చగా, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. అసలు తేడా మాత్రం నూనె దగ్గరే వచ్చిందండి. గ్రాము పిండిపదార్థానికి 4 క్యాలరీలైతే గ్రాము నూనెకి 9 అని చెప్పేసరికి ఆవిడ "ఏటి బాబూ, నేను గరిటెతో పోసీదాన్ని కదా" అని ఆ పూట నుంచే చెంచాతో కొలవడం మొదలెట్టారు.

సాయంత్రం కోడి రామ్మూర్తి స్టేడియంలో నడక. వాడిని పంపడం కాదు, నేనూ వెళ్తున్నా, అదే పనిచేసింది అని గట్టిగా నమ్ముతున్నా. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత స్పీడులో నడుస్తాం, డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన వారానికి 150 నిమిషాలు ఈజీగా దాటుతోంది. మధ్యలో కొన్నాళ్ళు కాటా కదల్లేదు, వాడు బాగా డీలా పడిపోయాడు, అప్పుడు టేపు తెచ్చి నడుం కొలిస్తే అది తగ్గుతూనే ఉంది, మళ్ళీ హుషారొచ్చింది.

హెచ్‌బీఏవన్‌సీ అనే రక్తపరీక్ష మూడు నెలల షుగర్ సగటు చూపిస్తుంది కాబట్టి తొందరపడకుండా వచ్చే నెల చేయిద్దామని డాక్టర్ గారు అన్నారు, రిపోర్ట్ రాగానే పెడతాను.