సియెన్సియానో 2003 కప్పు: జట్టు గెలిచిందా, ఎత్తు గెలిపించిందా?

కార్నర్ జెండా:
పెరూలోని కుస్కో నగరానికి చెందిన సియెన్సియానో ఫుట్‌బాల్ క్లబ్బు 2003లో దక్షిణ అమెరికా క్లబ్బుల టోర్నీ అయిన కోపా సుడమెరికానా గెలిచింది. 1901లో ఒక పాఠశాల విద్యార్థులు ప్రారంభించిన ఈ క్లబ్బు తన దేశపు మొదటి డివిజన్ టైటిల్‌ను ఇంతవరకు ఒక్కసారి కూడా గెలవలేదు. అటువంటిది అర్జెంటీనా దిగ్గజం రివర్ ప్లేట్‌ను ఫైనల్లో ఓడించింది. కుస్కో సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి వచ్చిన జట్లకు ఊపిరి అందలేదు కనుకనే ఈ కప్పు దక్కిందని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలు చెప్పవచ్చు.

పాత రేడియో:
కార్నర్ జెండా గారూ, మీ వాదన నిలవాలంటే ఆ జట్టు కుస్కోలో గెలిచి బయట ఓడుతూ వచ్చి ఉండాలి. కానీ జరిగింది చూడండి. అప్పట్లో ప్రతి దశలో రెండు జట్లు ఒకరి మైదానంలో ఒకసారి చొప్పున రెండుసార్లు తలపడేవి, రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్కించేవారు. క్వార్టర్ ఫైనల్లో, ఆ ఏడాదే దక్షిణ అమెరికా క్లబ్బుల అత్యున్నత టోర్నీ లిబెర్టడోరెస్ ఫైనల్ ఆడిన శాంటోస్‌ను బ్రెజిల్‌లో వారి సొంత మైదానంలోనే 1-1తో నిలువరించి, ఆ తరువాత కుస్కోలో 2-1తో ఓడించారు. సెమీఫైనల్లో కొలంబియాకు చెందిన అట్లెటికో నసియోనల్‌ను ముందుగా మెడెయిన్‌లోనే 2-1తో గెలిచి వచ్చారు. ఇక ఫైనల్ తొలి మ్యాచ్, ఎత్తు ఊసే లేని బ్యూనస్ ఎయిరెస్‌లో, 3-3తో ముగిసింది. చిలీ స్ట్రైకర్ మార్సెలో సలాస్ వంటి ఆటగాడున్న రివర్‌పై ముప్పయి అయిదేళ్ల హెర్మన్ కార్తీ రెండు గోల్స్ కొట్టాడు. ఆరు గోల్స్‌తో ఆ టోర్నీలో అత్యధిక గోల్స్ అతనివే. ఆ వయసు ఆటగాడికి కొండగాలి ఏ విధంగా సాయపడిందో మీరే చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఫైనల్ రెండో మ్యాచ్ కుస్కోలో జరగనేలేదు. ఫైనల్‌కు కావలసినంత మంది ప్రేక్షకులు అక్కడి స్టేడియంలో పట్టరు కనుక దానిని పెరూలోనే మరో నగరమైన అరెకిపాకు మార్చారు. అక్కడ పరాగ్వే ఆటగాడు కార్లోస్ లుగో ఫ్రీకిక్‌తో కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో, చివరికి తొమ్మిది మందే మిగిలిన స్థితిలో, 1-0తో గెలిచారు. కోచ్ ఫ్రెడ్డీ తెర్నెరో తీర్చిన జట్టు క్రమశిక్షణను పక్కనపెట్టి, ఘనతంతా పటంలోని ఒక అంకెకు కట్టబెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

గోల్‌పోస్ట్ నీడ:
అరెకిపా ఏమీ సముద్రతీరం కాదు. అది 2,300 మీటర్లకు పైనే ఉంది. బ్యూనస్ ఎయిరెస్ నుంచి వచ్చినవారికి అదీ కొండే. పైగా శాంటోస్ కంటే ముందు దశలో, చిలీకి చెందిన యూనివర్సిదాద్ కతోలికాతో కుస్కోలో 4-0తో గెలిచి, శాంటియాగోలో 1-3తో ఓడిన సంగతిని మీరు నేర్పుగా దాటవేశారు.

పాత రేడియో:
దాటవేసిన మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. ఆ దశ దాటడంలో ఎత్తు పాత్రను కాదనలేను. కానీ ఎత్తు ఒక్కటే చాలితే, సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉన్న పెరూ నగరం హులియాకాకు చెందిన బినాసియోనల్ క్లబ్బు ఏమైంది? 2020 లిబెర్టడోరెస్‌లో ఆ క్లబ్బు సొంతగడ్డపై బ్రెజిల్ క్లబ్బు సావో పాలోను 2-1తో ఓడించి, వారం తిరగకముందే ఇదే రివర్ చేతిలో 8-0తో చిత్తయింది. ఎత్తు మీద మాత్రమే ఆధారపడిన జట్టు బయట ఎలా ఉంటుందో అది చూపింది. సియెన్సియానో మాత్రం 2004లో ఫ్లోరిడాలో, సముద్రానికి ఆనుకుని ఉన్న ఫోర్ట్ లాడర్‌డేల్‌లో, అర్జెంటీనా క్లబ్బు బోకా జూనియర్స్‌తో 1-1గా ఆడి, పెనాల్టీల్లో 4-2తో, సుడమెరికానా, లిబెర్టడోరెస్ విజేతలు తలపడే రెకోపా కూడా పట్టుకుపోయింది.

కార్నర్ జెండా:
రెకోపా సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ నా వాదనకు చోటు లేదు. అయినా ఒక సందేహం మిగిలే ఉంది. ఇంత క్రమశిక్షణ గల జట్టు పెరూ లీగ్‌ను ఎందుకు గెలవలేకపోయింది? రాజధాని లీమా క్లబ్బులు ఏటా కుస్కోకు వచ్చి ఆడి ఆ గాలికి అలవాటుపడ్డాయి కనుక అక్కడ ఎత్తు పనిచేయలేదని, విదేశీ జట్లపైనే పనిచేసిందని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. కతోలికాపై వచ్చిన ఆ నాలుగు గోల్స్ లేకపోతే శాంటోస్ వరకు వెళ్లేవారే కాదు.

పాత రేడియో:
ఆ నాలుగు గోల్స్ మీకే వదిలేస్తున్నాను. మెడెయిన్‌లో కొట్టిన రెండు మాత్రం ఇవ్వను.