ఫోను ఎత్తగానే పాప నవ్వు మారిపోతోంది

వేళచ్చేరి తల్లి:
మా పాపకు అయిదేళ్ళు. రోజంతా ఇల్లు దద్దరిల్లేలా నవ్వుతుంది. ఫొటో తీద్దామని నేను ఫోను ఎత్తానో లేదో మెడ బిగుసుకుంటుంది, రెండు వేళ్ళు పైకి లేస్తాయి, పళ్ళన్నీ బయటపెట్టి "ఈ..." అని నిలబడిపోతుంది. చిన్నప్పుడు ముద్దుగా ఉందని నేనే నేర్పాను. ఇప్పుడు మానమన్నా మానదు.

నెల్లూరులో మా అమ్మకు వారం వారం ఫొటోలు పంపుతాను. మోకాళ్ళ నొప్పులతో ఆమె చెన్నై రాలేకపోతోంది. మొన్న ఫోనులో, "అన్నీ బాగున్నాయి గానీ, ఇది మన పిల్ల నవ్వు కాదే" అంది. ఆ మాట నన్ను వదలడం లేదు.

పుట్టినరోజుకు ఒక స్టూడియోకు తీసుకెళ్ళాం. గంటసేపు బొమ్మలు ఊపి, చప్పట్లు కొట్టి, చివరికి ఏడిపించారు. ఇంట్లో మావారి కెమెరా, 50 ఎంఎం లెన్సు ఉన్నాయి. రాత్రి ట్యూబులైటు కింద తీస్తే చేతులు అలుక్కుపోయినట్టు వస్తున్నాయి. చప్పుడు రాకుండా సైలెంట్ మోడ్ పెడితే అడ్డంగా నల్లటి చారలు పడుతున్నాయి. పిల్ల తన లోకంలో ఉన్నప్పుడు ఫొటో తీయడం ఎలాగో చెప్పండి.

పురసవాక్కం పాత స్టూడియో:
అమ్మా, పురసవాక్కంలో ముప్ఫై ఏళ్ళు స్టూడియో నడిపాను. మీ పాపకు నేర్పిన "ఈ" గురించి బెంగ పెట్టుకోవద్దు, అది పోతుంది. ముందు మీరు "ఇటు చూడు" అనడం మానండి. ఆ మాట వినగానే ఏ పిల్లయినా ఆట వదిలేసి మన పనిలోకి వస్తుంది.

నా తొలి రోజుల్లో మెడలో రోలీఫ్లెక్స్ అనే ఫిల్ము కెమెరా వేలాడేది. దాన్ని నడుము దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న గాజుపలకలోకి చూస్తూ తీయాలి. పిల్లల మీద నా చూపు పడేది కాదు. పైగా కెమెరా సరిగ్గా వాళ్ళ ఎత్తులో ఉండేది. ఒక రీలుకు పన్నెండే ఫొటోలు కాబట్టి తీయడం కంటే చూస్తూ కూర్చోవడమే ఎక్కువ. న్యూయార్క్ వీధుల్లో ఆడుకునే పిల్లలను ఫొటోలు తీసిన హెలెన్ లెవిట్ తన లైకా కెమెరాకు, పక్కనున్నది చూపించే వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే అద్దం) తగిలించుకునేది. తాను ఎటో చూస్తున్నట్టు ఉండేది, ఫొటో మాత్రం పిల్లలదే. కానీ ఇంటి పిల్లకు ఆ చాటు అవసరం లేదని నా అభిప్రాయం. కెమెరాను దాచకండి. హాల్లో బల్ల మీద నీళ్ళ చెంబులా దాన్ని ఉండనివ్వండి. మూడు రోజులు ఊరికే చేతిలో పట్టుకుని తిరగండి, ఒక్క ఫొటో కూడా తీయవద్దు. నాలుగో రోజుకు దాని వైపు చూడడం మానేస్తుంది.

ఇక చేతులకు పని ఇవ్వండి. నా మనవరాలి ముందు ఒకసారి చిక్కుడుకాయల పళ్ళెం పెట్టాను. గింజలు వలుస్తూ, ఒకటి జారి మంచం కిందకు దొర్లిపోతే దాని వెంట వంగింది. నాలుక కొస పెదవి మూలకు వచ్చింది, ఒక జడ నేలను తాకింది. నేను అప్పటికే నేల మీద బోర్లా పడుకుని ఉన్నాను. ఈ రోజుకూ మా ఇంట్లో గోడ మీద ఉన్నది ఆ ఫొటోనే. అందులో నవ్వు లేదు, పిల్ల ఉంది.

రెండు వేళ్ళు ఎత్తితే వద్దనకండి. ఆ ఫొటో తీసి, బాగుందని చెప్పి, కెమెరా కొద్దిగా దించి అక్కడే ఉండండి. పని అయిపోయిందనుకుని భుజాలు వదులు చేస్తుంది, ఒక ఊపిరి వదులుతుంది. మీకు కావలసిన ఫొటో అప్పుడు దొరుకుతుంది.

అడయారు నాన్న:
పెద్దాయన అసలు విషయం చెప్పారు. నేను చారల గురించి చెబుతాను. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి పాత ట్యూబులైటు సెకనుకు వంద సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది. సైలెంట్ మోడ్‌లో కెమెరా బొమ్మను పైనుంచి కిందకు వరుసలుగా చదువుతుంది. వెలుగు తగ్గినప్పుడు చదివిన వరుసలు నల్లబడతాయి. షట్టరు వేగం సెకనులో వందో వంతు (1/100) పెడితే చారలు చాలావరకు పోతాయి. కానీ ఆ వేగానికి గంతులేసే పిల్ల అలుక్కుపోతుంది. పరుగెత్తే పిల్లకు కనీసం 1/500 కావాలి. రెండూ ఒకేసారి కుదరవు కాబట్టి రాత్రి ఫొటోలు వదిలేయండి. పగలు లైట్లు ఆర్పి, కిటికీ పక్కన చాప వేసి ఆడుకోనివ్వండి. ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగును గ్రహించే స్థాయిని, 1600 దాకా భయం లేకుండా పెంచండి. కొంచెం నూగు వచ్చినా ఫరవాలేదు, చెదిరిన ముఖాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు. లెన్సు తెరుచుకునే కొలత (ఎఫ్ అంకె) 2.8 దగ్గర ఉంచండి. అంకె ఇంకా తగ్గించి మరీ తెరిస్తే ఒక కన్ను స్పష్టంగా, ఇంకో కన్ను మసకగా వస్తుంది.

వీలైతే సాయంత్రం బెసంట్ నగర్ బీచికి తీసుకెళ్ళండి. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి ఆ వేళకు వెలుగు ఊరి వైపు నుంచి వస్తుంది. మీరు ఊరి వైపు కూర్చుంటే పాప ముఖం మీద మెత్తటి వెలుగు, వెనుక అలలు. అదే ఉదయమైతే సూర్యుడు మీకు ఎదురుగా ఉండి ముఖం నల్లగా వస్తుంది.

పెరంబూరు టీచరు:
ఒక్క మాట. అయిదేళ్ళ పిల్లకూ ఇష్టాయిష్టాలు ఉంటాయి. ఏడుస్తున్నప్పుడు, స్నానం చేస్తున్నప్పుడు వద్దు. తీసినవి ఆమెకు చూపించండి, ఇది వద్దంటే ఆమె ముందే తీసేయండి. నా తరగతిలో కెమెరా అంటే బెదిరే పిల్లలు కొందరు ఉన్నారు. ఇంట్లో తమను చూసి నవ్విన ఫొటోలు బంధువులందరికీ పంపారని నాకు చెప్పుకున్నారు. బీచిలో పక్క పిల్లలు ఫొటోలో పడితే వాళ్ళ అమ్మానాన్నలను అడగండి.

వేళచ్చేరి తల్లి:
అందరికీ నమస్కారాలు. మూడు రోజులు కెమెరా బల్ల మీద ఉంచాను. రెండో రోజే పాప దాని మీద బొమ్మకు పక్క వేసింది!

ఆదివారం అయిదు దాటాక బీచికి వెళ్ళాం. ఒడ్డునున్న ష్మిట్ స్మారక కట్టడానికి కాస్త దూరంలో తడి ఇసుకలో గుంత తవ్వడం మొదలుపెట్టింది. నేను ఊరి వైపు చతికిలబడి కూర్చున్నాను. మొదట రెండు వేళ్ళు ఎత్తింది, తీశాను. తరువాత నన్ను మరిచిపోయింది. మోచేతుల దాకా ఇసుక. గుంత పూర్తయిందని లేచి నిలబడేలోపు ఒక అల వచ్చి దాన్ని నింపేసి వెళ్ళింది. పాప గుంత వైపు చూసింది, సముద్రం వైపు చూసింది, తరువాత నా వైపు తిరిగి, ఊడిన పంటి సందు కనబడేలా నోరు తెరిచి పకపకా నవ్వింది. నాకు చేతులు వణికాయి, అయినా మూడు ఫొటోలు పడ్డాయి. ఒకదానిలో ముఖం కుదిరింది.

రాత్రి పాపకు చూపించి, అమ్మమ్మకు పంపనా అని అడిగాను. "పంపు, కానీ గుంత కూడా కనబడాలి" అంది. పంపాను. పావుగంటకు అమ్మ ఫోను చేసింది, పాపను పిలవమంది.

పెద్దాయన గారూ, దీన్ని ప్రింటు వేయించి నెల్లూరు పంపాలనుకుంటున్నాను. అమ్మకు చూపు కొంచెం తగ్గింది. ఏ సైజు వేయించమంటారు? మెరిసే కాగితమా, మ్యాటా?

పురసవాక్కం పాత స్టూడియో:
ఎనిమిది బై పది అంగుళాలు, మ్యాట్. కిటికీ దగ్గర కూర్చుని చూసినా వెలుగు కళ్ళలో కొట్టదు. గుంతను కత్తిరించకుండా వేయమని చెప్పండి.