జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రయాణం: మగవాళ్ల వింటర్ కోటు బెంగళూరులోనే కొనాలా?

ప్రశ్న (మారతహళ్లి నుంచి)

నమస్తే అండీ. జనవరి రెండో వారంలో ఆఫీసు పని మీద ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తున్నాను. మార్చి దాకా అక్కడే ఉండాలి. రోజూ క్లయింటు ఆఫీసుకి వెళ్లే పని, కాబట్టి ట్రెక్కింగుకి బయల్దేరినవాడిలా కనిపించకూడదు. మాది ఆదిలాబాద్, చలి నాకు కొత్త కాదు. కానీ మా ఇంట్లో స్వెట్టర్, శాలువా తప్ప పొడుగు కోటు ఎవరూ వేసుకున్నది లేదు. ఇక్కడ మాల్స్‌లో చూస్తే అన్నీ ఉబ్బు జాకెట్లే. మొత్తం కలిపి 20 వేల దాకా పెట్టగలను. ఏం కొనాలి? ఇక్కడ కొనాలా, అక్కడికెళ్లాక కొనాలా? టోపీ, మఫ్లర్, గ్లౌజుల సంగతి కూడా చెప్పండి. అమ్మ ఇప్పటికే మంకీ క్యాప్ సూట్‌కేసులో పెట్టేసింది.

జవాబు (కోరమంగళ నుంచి)

తమ్ముడూ, ఆదిలాబాద్ చలి తెల్లవారుజామున వణికించినా పొద్దెక్కేసరికి ఎండ వచ్చేస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో జనవరిలో రాత్రి సున్నాకి అటూ ఇటూ ఉంటే, పగలు కూడా నాలుగైదు డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎండ మొహం చూడటమే అరుదు. మంచు కన్నా సన్నటి తుంపర ఎక్కువ.

అసలు ఇబ్బంది ఇంకోటి ఉంది. ఆఫీసులో, ట్రైన్లో, షాపుల్లో హీటర్లు పెట్టి 20 డిగ్రీలు దాటిస్తారు. బయట వణుకు, లోపల చెమట. అందుకే మందపాటి వస్తువు ఒక్కటే కొంటే పనికిరాదు. లోపల ఒంటికి అతుక్కునే పల్చటి థర్మల్, దాని మీద షర్టు, ఆ పైన సన్నటి అల్లిక ఉన్న వి-నెక్ ఊలు స్వెట్టర్, అన్నిటి మీదా కోటు. ఆఫీసులో అడుగుపెట్టగానే కోటు తీసి కొక్కేనికి తగిలిస్తావు, షర్టు మీద స్వెట్టర్‌తో మీటింగులో కూర్చుంటావు. మరీ మందం థర్మల్ వేసుకుంటే మాత్రం మీటింగు మధ్యలో తీయలేవు, ఉడికిపోతావు.

కోటు విషయానికొస్తే నీ అవసరానికి ఊలు ఓవర్‌కోటే. ముదురు బూడిద రంగు గానీ నేవీ బ్లూ గానీ తీసుకో, నీ దగ్గరున్న ప్యాంట్లన్నిటి మీదకీ వెళ్తుంది. ఒంటె రంగు కోటు ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది కానీ తుంపరలో రోజూ వేసుకుంటే మరకలన్నీ దాని మీదే. పొట్టిగా, రెండు వరసల గుండీలతో ఉండే పీకోటు కూడా బాగుంటుంది, కాకపోతే దాని కింద నుంచి బ్లేజర్ అంచు బయటకి కనిపిస్తుంది. ట్రెంచ్ కోటు జోలికి పోకు. అది గాలికీ వానకీ పుట్టిన కాటన్ గాబర్డిన్ బట్ట, లోపల ఊలు అస్తరు లేకపోతే చలి ఆపదు.

ఉబ్బు జాకెట్లో బాతు ఈకలు ఉంటే వెచ్చదనానికి దానికి తిరుగులేదు, నిజమే. కానీ ఈకలు తడిస్తే ముద్దకట్టి వేడి పోతుంది. ఊలు కొద్దిగా తడిసినా వెచ్చగానే ఉంటుంది.

జవాబు (జయనగర్ నుంచి, టైలరింగ్ షాపు నడుపుతాను)

రంగు, మోడల్ తర్వాత చూడొచ్చు తమ్ముడూ, ముందు భుజం చూసుకో. కోటు వేసుకుని చూసేటప్పుడు టీషర్టు మీద చూడకు. లోపల ఏం వేసుకుంటావో ఆ స్వెట్టర్ లేదా బ్లేజర్ వేసుకునే షాపుకి వెళ్లు. భుజం కుట్టు నీ భుజం ఎముక చివర దగ్గర ఆగాలి. అక్కడినుంచి జారిందంటే ఆ కోటు వదిలెయ్. చేతుల పొడవు తగ్గించవచ్చు, నడుము దగ్గర కాస్త లోపలికి పట్టవచ్చు, గుండీలు జరపవచ్చు. భుజం సరిచేయడమంటే కోటంతా విప్పి మళ్లీ కుట్టడమే, ఆ ఖర్చుకి ఇంకో కోటు వస్తుంది.

చేతులు షర్టు కఫ్‌ని పూర్తిగా కప్పి బొటనవేలి మొదలు దాకా రావాలి. పొడవు మోకాలికి కాస్త పైన ఆగితే చాలామందికి నప్పుతుంది. పొట్టిగా ఉన్నవాళ్లు మోకాలు దాటిన కోటు వేసుకుంటే ఇంకా పొట్టిగా కనిపిస్తారు. గుండీలన్నీ పెట్టుకుని చేతులు ముందుకు చాపి చూడు, వీపు దగ్గర బిగుసుకుంటే ఒక సైజు పెంచు.

లేబుల్ చదవకుండా డబ్బులు కట్టకు. ఊలు 70 శాతమైనా ఉండాలి, మిగతాది నైలాన్ అయితే పర్వాలేదు, గట్టితనం వస్తుంది. "ఊలు టచ్", "ఊలు ఫీల్" అని రాసినవి ఎక్కువగా పాలిస్టరే. నమ్మకం కుదరకపోతే అంచులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడు. ఊలైతే జుట్టు కాలిన వాసన వచ్చి, వేలితో నలిపితే పొడైపోతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా తయారవుతుంది. షాపువాణ్ని అడిగి చెయ్యి సుమా!

ఇంకొకటి. కొత్త కోటు వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా కచ్చాకుట్టు ఉంటుంది, చేతి మీద కంపెనీ గుడ్డముక్క ఉంటుంది. రెండూ కత్తిరించి తీసెయ్యాలి. అవి రవాణాలో మడత పడకుండా, షాపులో కనిపించడానికి పెట్టినవి. వేల రూపాయల కోటు వేసుకుని ఆ కుట్టు అలాగే ఉంచి తిరిగేవాళ్లని ఎంతమందిని చూశానో.

జవాబు (హెబ్బాళ్ నుంచి)

పైవాళ్లు చెప్పినవన్నీ సరే, కానీ కోటు ఇక్కడ కొనమని నేను చెప్పను. బెంగళూరులో డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలి మామూలుగా 15, 16 డిగ్రీలు. ఊరి చరిత్రలోనే అతి తక్కువ 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. అలాంటి ఊళ్లో అసలైన ఓవర్‌కోటుకి గిరాకీ ఏముంటుంది? దొరికే నాలుగు ముక్కల్లో మన భుజానికి సరిపోయేది దొరకడం కష్టం.

జర్మనీలో జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా చలికాలం సరుకు తగ్గింపు అమ్మకాలు ఉంటాయి. ఒకప్పుడు చట్టమే తేదీలు పెట్టేది. 2004లో ఆ నిబంధన తీసేశారు కానీ షాపులు అలవాటు మానలేదు, ఇప్పుడు ఇంకా ముందే మొదలుపెడుతున్నాయి. అక్కడి 50 సైజు అంటే మన 40. పొట్టిగా ఉన్నవాళ్లకి విడిగా సైజులు ఉంటాయి, 25 అని ఉంటే అది 50కే పొట్టి రకం. ఈ సౌకర్యం ఇక్కడ ఎక్కడుంది?

దిగిన రోజు కోసం ఇక్కడ డెకాథ్లాన్‌లో థర్మల్సు, ఒక మామూలు జాకెట్ తీసుకుంటే సరిపోతుంది.

కోరమంగళ నుంచి మళ్లీ

హెబ్బాళ్ అన్న మాటలో న్యాయం ఉంది, కానీ ఈ అబ్బాయి మొదటి సోమవారమే క్లయింటు ముందు నిలబడాలి. పైగా ఎవరైనా స్నేహితుడి దగ్గర ఓవర్‌కోటు ఉంటుంది, వెళ్లొచ్చాక బీరువాలో పడి ఉన్నదే. మన ఐటీ వాళ్లలో అలాంటివి బోలెడు. భుజం సరిపోతే అరువు తెచ్చుకో. డబ్బంతా బూట్లకి, గ్లౌజులకి మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు

అరువు ఆలోచన నాకు తట్టనే లేదు! మా టీమ్‌లోనే ఒకరు మ్యూనిక్ వెళ్లొచ్చారు, రేపే అడుగుతాను. దొరక్కపోతే జాకెట్‌తో వెళ్లి అక్కడ తగ్గింపులో తీసుకుంటాను. మరి మిగతావి? బూట్లకి ఇక్కడ వేసుకునే ఫార్మల్సు చాలవా?

కోరమంగళ నుంచి

చాలవు. నున్నటి తోలు అడుగు తడి రాళ్ల మీద జారుతుంది. గరుకు రబ్బరు అడుగున్న, చీలమండ దాకా వచ్చే నల్ల లేదా ముదురు గోధుమరంగు తోలు బూట్లు తీసుకో, ఫార్మల్ ప్యాంటు కిందకి కూడా వెళ్తాయి. మంచు పడిన రోజు రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. బూట్ల మీద తెల్లటి చారలు పడితే నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి గుడ్డతో తుడువు, ఆరాక పాలిష్ పెట్టు. ఊలు సాక్సులు నాలుగు జతలు.

మఫ్లర్ 180 సెంటీమీటర్లు ఉంటే చుట్టడానికి వీలు. సగానికి మడిచి మెడ వెనక వేసి, రెండు కొసలూ మడత లోపలనుంచి లాగితే చాలు, ఛాతీ మీద గాలి చొరబడదు. కోటు బూడిద రంగైతే మఫ్లర్‌కి మెరూన్ లాంటి ఒక్క రంగు ఉండనీ. మిగతావి నలుపు, నేవీ. గ్లౌజులు లోపల ఊలు అస్తరున్న తోలువి, వేళ్లు ఫోన్ మీద పనిచేసే రకం చూసుకో. టికెట్ యాప్ తెరవడానికి ప్రతిసారీ గ్లౌజు తీస్తే అసలు ప్రయోజనమే పోతుంది.

టోపీ సాదా ఊలు బీనీ, చెవులు పూర్తిగా కప్పేది. మంకీ క్యాప్ కూడా తీసుకెళ్లు, అమ్మ వీడియో కాల్ చేస్తుంది కదా.

ప్రయాణం రోజు కోటు సూట్‌కేసులో పెట్టకు, బరువంతా అదే తింటుంది. చేతి మీద వేసుకుని విమానం ఎక్కు.

జయనగర్ నుంచి

తిరిగొచ్చాక సంగతి కూడా చెప్తాను, అరువు తెచ్చుకుంటే మరీ ముఖ్యం. మన దగ్గర వానాకాలం తేమకి ఊలు బూజు పడుతుంది, పురుగు కూడా తింటుంది. డ్రై క్లీనింగ్ చేయించి, వాళ్లిచ్చే ప్లాస్టిక్ కవరు అదే రోజు తీసెయ్. పాత కాటన్ దుప్పటిలో చుట్టి, వెడల్పు భుజాలున్న చెక్క హ్యాంగర్‌కి తగిలించు. సన్నటి తీగ హ్యాంగర్ వేస్తే భుజాల మీద బుడిపెలు వస్తాయి. కలరా ఉండలు చిన్న గుడ్డలో మూటకట్టి బీరువా మూల పెట్టు, బట్టకి తగలకూడదు. వాన తగ్గాక ఓసారి తీసి నీడలో గాలికి ఆరెయ్. అరువు కోటైతే మాత్రం డ్రై క్లీనింగ్ చేయించిన వారంలోనే తిరిగి ఇచ్చెయ్.