నొప్పి డైరీ కాగితంపైనా, ఫోన్‌లోనా?

క్షేత్ర_సమన్వయ: మేము మొదలుపెట్టబోయే క్లినికల్ ట్రయల్‌లో పాల్గొనేవారు రోజుకు మూడుసార్లు తమ నొప్పి తీవ్రతను నమోదు చేయాలి. కాగితపు డైరీ ఇవ్వాలా, ఫోన్ యాప్ ఇవ్వాలా అన్నది ఇంకా తేలలేదు. పెద్ద వయసువారికి యాప్ నేర్పడం, సమాచార గోప్యత, నమోదుకు ఎంత గడువు పెట్టాలి అన్న విషయాలపై మీ అనుభవాలు తెలియజేయగలరు.

డేటా_కాపరి: కాగితం ఊసే వద్దు. 2002లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో కాగితపు డైరీ అట్టలో కాంతిని గుర్తించే పరికరాన్ని కనిపించకుండా అమర్చి, రోగులు దాన్ని ఎప్పుడు తెరిచారో నమోదు చేశారు. సమయానికే రాశామని రోగులు చూపినవి 90 శాతం కాగా, నిజంగా సమయానికి రాసినవి 11 శాతమే. డైరీని అసలు తెరవని రోజులు 32 శాతం ఉన్నా, ఆ రోజుల పేజీలు కూడా దాదాపుగా నిండే ఉన్నాయి. ఎలక్ట్రానిక్ డైరీ వాడినవారిలో సమయపాలన 94 శాతం.

రోగి_కుమార్తె: ఆ అంకెలతో రోగులను అబద్ధాలకోరులుగా నిలబెట్టడం నాకు బాధ కలిగించింది. మా నాన్నగారు నొప్పితో మంచం మీద కదలలేక, కాస్త తెరిపిన పడ్డాక యాప్ తెరిస్తే, గడువు దాటిందంటూ ఆ పూట నమోదు మూసుకుపోయి ఉండేది. నొప్పి ఎక్కువగా ఉన్న రోజులే ఆయన రికార్డులో ఖాళీగా మిగిలాయి.

డేటా_కాపరి: ఇటువంటి వ్యవస్థలను రూపొందించడమే నా వృత్తి కనుక చెబుతున్నాను, గడువు సడలిస్తే అంతా కూలిపోతుంది. గడిచిన నొప్పిని గుర్తు చేసుకునేటప్పుడు దాని అత్యంత తీవ్ర క్షణం, చివరి క్షణమే అంచనాను శాసిస్తాయని పరిశోధకులు రెడెల్‌మైయర్, కానెమన్ 1996లోనే చూపించారు. ఈ పని తెలియనివారు తీర్పులు చెప్పకపోవడం మంచిది.

వార్డు_నర్సు: ఆమెను అలా కసురుకోవడం తగదండీ. రోగి నమోదు చేసినదాన్ని ఎవరు చదువుతున్నారన్నదే నాకు ముఖ్యం. 766 మంది క్యాన్సర్ రోగులతో జరిగిన ట్రయల్‌లో, లక్షణాలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో తెలియజేసినవారు ట్రయల్‌లో చేరాక బతికిన మధ్యస్థ కాలం 31.2 నెలలు, మామూలు పద్ధతిలో చికిత్స పొందినవారిది 26 నెలలు అని 2017లో అమెరికా వైద్య పత్రిక జామా ప్రచురించింది. అక్కడ లక్షణం తీవ్రమైతే నర్సుకు ఈమెయిల్ వెళ్లేది. నేను పనిచేసిన ఒక చోట అటువంటి హెచ్చరికలు రాత్రివేళ ఎవరూ చూడని మెయిల్‌పెట్టెలో పడేవి. గడువుల గురించి ఇంత పట్టుబట్టేవారు దీనిని ఎందుకు పట్టించుకోరు?

లెక్కల_మనిషి: కుమార్తె గారు చెప్పినదే గణాంకపరంగా అతి పెద్ద ప్రమాదం. నొప్పి వల్లనే నమోదు తప్పిపోతే, మిగిలిన అంకెల సగటు ఆ రోగి నిజంగా ఉన్నదానికన్నా బాగున్నాడని చూపుతుంది, ఆ లోటును ఏ సూత్రమూ పూర్తిగా పూడ్చలేదు. ఆలస్యపు నమోదును అనుమతించి, దానికి వేరే గుర్తు పెట్టి, ప్రధాన విశ్లేషణలో దాన్ని ఎలా వాడతారో ప్రోటోకాల్‌లో, అంటే ట్రయల్ ప్రణాళిక పత్రంలో, ముందే రాయండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎలక్ట్రానిక్ రికార్డుల కోసం 1997లో తెచ్చిన పార్ట్ 11 నిబంధనలు కోరేది కూడా కంప్యూటరే సమయం ముద్రించే ఆడిట్ ట్రెయిల్‌ను, అంటే ఏ నమోదు ఎప్పుడు చేశారో, ఎప్పుడు మార్చారో చూపే చిట్టాను. ఆలస్యంగా రాయకూడదని అవి ఎక్కడా అనలేదు.

డేటా_కాపరి: ఆలస్యానికి గుర్తు పెట్టేటట్లయితే నాకు అభ్యంతరం లేదు. అయితే ఫోన్ గడియారాన్ని ఎవరైనా మార్చగలరు కనుక, సర్వర్ సమయాన్ని కూడా పక్కనే భద్రపరచవలసిందే.

క్షేత్ర_సమన్వయ: గడువు సంగతి ప్రోటోకాల్ బృందం ముందు పెడతాను. పెద్ద వయసువారి గురించి, గోప్యత గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

రోగి_కుమార్తె: గోప్యత సంగతి నేను చెప్పలేను. వయసు విషయానికి వస్తే, వేలితో జరిపే గీత బదులు సున్నా నుంచి పది వరకు పెద్ద అంకెల బటన్లు పెట్టండి. చేయి వణికేవారికి గీత మీద వేలు అనుకున్న చోట ఆగదు, ఆగిన చోటునే యాప్ జవాబుగా తీసుకుంటుంది.